కోకో పండించే మా నాన్నని చాక్లెట్ తయారయ్యే చోటికి తీసుకెళ్ళాం - నా అనుభవం

ఇదంతా మొదలైంది మా ఆడపడుచు పంపిన ఫోటోలతో. వాళ్ళు అమెరికాలో ఉంటారు, పోయిన వేసవిలో పెన్సిల్వేనియాలో హర్షీ అనే ఊరికి వెళ్ళొచ్చారు, ఆ ఊరికి పేరే చాక్లెట్ కంపెనీ వాళ్ళది, అక్కడ వీధి దీపాలు కూడా కిస్సెస్ చాక్లెట్ ఆకారంలో ఉంటాయి. ఆ ఫోటోలు చూసిన దగ్గర్నుంచి మా ఇద్దరు పిల్లలూ ఒకటే గోల. పెద్దది ఐదో క్లాసు, ఎక్కడో వీడియో చూసి స్విట్జర్లాండ్‌లో జ్యూరిచ్ పక్కన లింట్ వాళ్ళ మ్యూజియంలో 9 మీటర్ల పైన ఎత్తున్న చాక్లెట్ ఫౌంటెన్ ఉందంట అమ్మా అని చెప్పింది, చిన్నోడికి ఆరేళ్ళు, వాడికి ఆ ఫౌంటెన్ కింద నోరు తెరుచుకుని నిలబడాలని కోరిక. జ్యూరిచ్ మా వల్ల కాదు. అందుకని హైదరాబాద్‌లోనే ఏదైనా చూపిద్దాం అనుకున్నాం.

మొదటిసారి తొందరపడ్డాం. డిసెంబర్‌లో ఒక ఆదివారం సాయంత్రం సిటీలో ఒక మాల్‌లో చాక్లెట్ ఫెస్ట్ అంటే ఏమీ కనుక్కోకుండా వెళ్ళిపోయాం. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే వరసగా స్టాళ్ళు, చాక్లెట్ ఎలా తయారవుద్దో చూపించేది ఒక్కటీ లేదు, జనం తోపులాట. అది కాదు నా బాధ. మా చిన్నోడికి జీడిపప్పు పడదు, తింటే మొహం వాచిపోద్ది, ఒకసారి అర్ధరాత్రి హాస్పిటల్‌కి పరిగెత్తాం. అక్కడ స్టాల్ అబ్బాయిని ఇందులో జీడిపప్పు ఉందా అని అడిగితే లేదండీ అన్నాడు, ప్యాకెట్ చూపించు బాబూ అంటే ప్యాకెట్ లేదు, లూజుగా ట్రేలో ఉంది, ఎక్కడ చేశారో వాడికే తెలీదు. చిన్నోడి చేతిలో ముక్క లాక్కుని తీసి పారేశా, వాడు ఏడుపు, ఇంటికొచ్చేసరికి రాత్రి పది. ఆ రోజే అనుకున్నా, ఈసారి వెళ్తే అన్నీ కనుక్కునే వెళ్ళాలి అని.

ఆ రాత్రి మా ఆయన ఒక మాటన్నారు, "మీ నాన్నగారు పాతికేళ్ళుగా కోకో పండిస్తున్నారు కదా, ఆయనెప్పుడైనా చాక్లెట్ తయారవడం చూశారా?" అని. నాకు నోట మాట రాలేదు. మాది కామవరపుకోట దగ్గర పల్లెటూరు, ఒకప్పుడు పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. కొబ్బరి చెట్ల మధ్య నీడలో కోకో వేశారు నాన్న, మా వైపు చాలామంది అంతే, కొబ్బరిలోనో పామాయిల్‌లోనో అంతరపంటగా వేస్తారు. నా ఫీజులు, నా పెళ్ళి ఖర్చు సగం ఆ గింజల మీదే గడిచింది. కాయ కోసి, కొట్టి, గింజలు బుట్టల్లో వేసి అరటాకులు కప్పి, పులిశాక ఎండబెట్టి, బస్తాల్లో నింపి పంపడం, అంతవరకే ఆయనకి తెలుసు. బస్తా లారీ ఎక్కాక ఏమవుద్దో ఎప్పుడూ చూళ్ళేదు. చాక్లెట్ తినడం కూడా మేం చిన్నప్పుడు బడి దగ్గర కొనుక్కున్న పది పైసల బిళ్ళ కొరికి చూడ్డం తప్ప ఎరగరు.

అంతే, ప్లాన్ మొత్తం మారిపోయింది. ఇక పిల్లల కోసం కాదు, నాన్న కోసం. ఎక్కడికి వెళ్ళాలో కూడా అప్పుడే తేలిపోయింది, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో "మనం" అనే చాక్లెట్ కంపెనీ వాళ్ళ కార్ఖానా. 2023లో పెట్టారు, 2024లో టైమ్ పత్రిక వాళ్ళు ప్రపంచంలో చూడాల్సిన గొప్ప చోట్ల లిస్టులో దాన్ని కూడా వేశారు. కానీ నన్ను లాగింది అది కాదు, వాళ్ళు వాడే కోకో మా వైపుదే, గింజలు పులియబెట్టే చోటు తడికలపూడిలో ఉంది. తడికలపూడి అంటే మా మండలమే, నాన్న బండి మీద వెళ్ళొచ్చే దూరం. తన గుమ్మం ముందు నుంచి వెళ్ళే పంటే హైదరాబాద్‌లో చాక్లెట్ అవుతుంటే ఆయన చూడకపోవడం ఏంటి అనిపించింది.

ఎప్పుడు వెళ్ళాలి అన్న దగ్గర బాగా ఆలోచించాం. నాన్న వేసవిలో ఖాళీగా ఉంటారు, పిల్లలకీ సెలవులు, కానీ మే నెలలో హైదరాబాద్‌లో ఎండ 40 దాటుద్ది, చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోద్ది, మన ఒంటి వేడి కంటే తక్కువ అన్నమాట, నోట్లో వేసుకోగానే కరిగేది అందుకే. వేసవిలో కొంటే కారు దాకా తెచ్చేసరికి పాయసం అవుద్ది, ఫ్రిజ్‌లో పెడితే మళ్ళీ గట్టిపడుద్ది కానీ పైన తెల్లగా బూజు పట్టినట్టు మచ్చలు వస్తాయి. అది బూజు కాదు, వెన్న పైకి తేలి గడ్డకట్టడం, తింటే ఏమీ కాదు, రుచీ ఆ విరిగే చప్పుడూ మాత్రం పోతాయి. కాబట్టి జనవరి. సంక్రాంతికి ఎలాగూ ఊరెళ్తాం, పిల్లలకి ముందు తోట చూపించి, తిరిగి వచ్చేటప్పుడు అమ్మానాన్నల్ని వెంట తెచ్చుకుని, స్కూల్ తెరిచే ముందు రోజు కార్ఖానాకి వెళ్దాం అని ఖాయం చేసుకున్నాం.

పండగ తర్వాత హైదరాబాద్ తిరిగి రావడం అంటే తెలిసిందే కదా, విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరతాయి, నాన్న మోకాళ్ళతో అన్ని గంటలు కూర్చోలేరు. అందుకని రైలు. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెన్ అవుద్ది కాబట్టి ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మా ఆయన ఒక ఫోన్‌లో నేను ఒక ఫోన్‌లో కూర్చుని, ఏలూరు నుంచి లింగంపల్లికి గౌతమిలో ఆరు టికెట్లు థర్డ్ ఏసీలో పట్టాం. లింగంపల్లిలో దిగితే మియాపూర్ మా ఇల్లు దగ్గరే. నాన్నకి మాత్రం చివరి దాకా చెప్పలేదు, మోకాలు డాక్టర్‌కి చూపిద్దాం రండి అన్నా. అదీ నిజమే, చూపించాం కూడా.

ఊళ్ళో మూడు రోజులు. కనుమ నాడు పిల్లల్ని తోటకి తీసుకెళ్ళారు నాన్న. కోకో కాయ కొమ్మ చివర కాయదు, మానుకే అంటుకుని కాస్తది, చిన్నోడు అది చూసి ఎవరో గమ్ పెట్టి అతికించారా తాతయ్యా అని అడిగాడు. పండిన పసుపు కాయ ఒకటి కోసి, కత్తి పెట్టకుండా కర్రతో కొట్టి పగలగొట్టారు, కత్తి పెడితే లోపల గింజ తెగుద్ది కదా. లోపల తెల్లటి గుజ్జు, సీతాఫలం లాగా గింజ చుట్టూ అంటుకుని పుల్లపుల్లగా తియ్యగా ఉంటది, పిల్లలు చప్పరించి ఇదేనా చాక్లెట్ అన్నారు. గింజ కొరకండి అన్నారు నాన్న. కొరికి ఉమ్మేశారు ఇద్దరూ, పచ్చి గింజ వగరు, చేదు, చాక్లెట్ వాసనే ఉండదు. పెద్దది కూర్చుని గింజలు లెక్కపెట్టింది, 37 వచ్చాయి. "ఎండితే ఈ కాయ మొత్తానికి 40 గ్రాములు కూడా రాదే తల్లీ, అందులోనూ సగం ఉడతలు తింటాయి, ఎలుకలు తింటాయి, మిగిలిందే మనది" అన్నారు నాన్న. 2024లో కిలో ఎండు గింజ వెయ్యి దాకా పలికింది, ఆఫ్రికాలో పంట పోయిందంట, ప్రపంచంలో సగానికి పైగా కోకో ఐవరీ కోస్ట్, ఘనా రెండు దేశాల్లోనే పండుద్ది కాబట్టి అక్కడ చీడ పడితే ఇక్కడ మా నాన్న గింజకి రేటొస్తది. తర్వాతి ఏడాది సగానికి పడిపోయింది, రైతులు రోడ్డెక్కారు. అవన్నీ పిల్లలకి చెప్పలేదనుకోండి, నాకు మాత్రం ఆ తోటలో నిలబడితే అవే గుర్తొచ్చాయి.

రెండు కాయలు గోనె సంచిలో చుట్టి రైల్లో తెచ్చుకున్నాం.

వెళ్ళే ముందు చేసిన ఏర్పాట్లు కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే అందరూ చాక్లెట్ అంటే పిల్లలకే అనుకుని వెళ్ళిపోతారు, మా ఇంట్లో మాత్రం ఆరుగురిలో ముగ్గురికి ఏదో ఒక పథ్యం. రెండు రోజుల ముందు ఫోన్ చేసి తెరిచే టైమ్, పార్కింగ్, లోపల మెట్లు ఎన్ని, పెద్దాయన కూర్చోడానికి ఉంటదా, జీడిపప్పు పడని పిల్లాడు ఉన్నాడు అన్నీ అడిగా. జీడిపప్పు సంగతి ఒక్కటి గట్టిగా చెప్తున్నా, చాక్లెట్ చేసే చాలా చోట్ల పప్పులు వాడతారు, ఒకే మిషన్ మీద రెండూ నడుస్తాయి, పప్పు వేయని ప్లెయిన్ బార్‌లో కూడా పొడి అంటుకుని ఉండొచ్చు, అందుకే ప్యాకెట్ మీద నట్స్ ఉండొచ్చు అని రాస్తారు. ఆ మాట మామూలుగా రాసేది అనుకోకండి. మా పిల్లల డాక్టర్‌ని అడిగితే, వాడికి అక్కడ ఏదీ పెట్టొద్దు, చూపించండి చాలు, మందు మాత్రం బ్యాగులో ఉండాలి అన్నారు. దాంతో ఇంట్లోనే వాడి కోసం బెల్లం, కోకో పొడి, పాలు వేసి ఒక డబ్బా చాక్లెట్ చేసిపెట్టా, లేబుల్ రెండుసార్లు చదివి కొన్న పొడితో. అక్కడ అందరూ తింటుంటే వాడు చేతులు కట్టుకుని చూడకూడదు కదా.

నాన్నకి షుగర్. 70 శాతం డార్క్ అంటే మిగతా 30 శాతం దాదాపు పంచదారే, పది గ్రాముల ముక్కలో మూడు గ్రాములు, ఆ లెక్కన రెండు చిన్న ముక్కలు తినొచ్చు అని ముందే అనుకున్నాం, పొద్దున టిఫిన్ రెండు ఇడ్లీతో ఆపాం, మీటర్ బ్యాగులో పెట్టుకున్నా. అమ్మ శనివారం గుడ్డు కూడా ముట్టదు, మేం మొదట అనుకున్నది శనివారమే, చాక్లెట్‌లో ఏముంటది అనుకున్నాం కానీ అక్కడ కేకులు అవీ ఉంటాయి, ఆవిడ ఒక్కతే అనుమానంగా కూర్చోవాలి, అందుకని శుక్రవారానికి మార్చాం. శుక్రవారం పొద్దున అయితే జనం కూడా తక్కువ. మెట్రోలో వెళ్దామా అనుకున్నాం, మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట దాకా హాయిగా వెళ్ళొచ్చు, కానీ అక్కణ్ణుంచి మళ్ళీ ఆటో ఎక్కి దిగడం నాన్నకి కష్టం, కారే తీశాం, పదింటికి బయల్దేరాం, ఎర్రగడ్డ దగ్గర ఒక పావుగంట పోయింది. రోడ్ నంబర్ 12 అంటే పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ పెద్ద అద్దాల టవర్లు ఉంటాయే, ఆ రోడ్డే.

కారు దిగాక నాన్న బోర్డు చదివి "మనం అంటే మనమేనా" అన్నారు. మనమే నాన్నా, లోపలికి రండి అన్నా.

లోపలికి అడుగు పెట్టగానే వాసన. నాన్న గుమ్మంలోనే ఆగిపోయారు, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "గింజ ఆరో రోజు బుట్ట తీసినప్పుడు అడుగున ఈ వాసన కొంచెం ఉంటది, పులుపు వాసన కింద" అన్నారు. నేనా తోటలో పెరిగినదాన్ని, నాకు ఆ బుట్టల్లో వెనిగర్ లాంటి పులుపు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఆయనకి తెలిసింది ఇన్నేళ్ళుగా, ఎవరికీ చెప్పలేదు అంతే.

అక్కడ పనిచేసే అమ్మాయికి మా నాన్నగారు కోకో రైతండీ, కామవరపుకోట వైపు అని చెప్పా. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది, ఆయన పక్కనే నడుస్తూ ఓపిగ్గా చెప్పింది, గింజ వేయించడం, పొట్టు తీసి ముక్కలు చేయడం, ఆ ముక్కల్ని గంటల తరబడి రుబ్బడం, రుబ్బే కొద్దీ అందులోని వెన్న వదిలి అదే పిండి లాగా జారుగా అవడం, తర్వాత చల్లార్చడం. మధ్యమధ్యలో నాన్న ప్రశ్నలు. ఎన్ని రోజులు పులియబెడతారమ్మా, తేమ ఎంతలో తీసుకుంటారు, మేం 7 శాతం వచ్చేదాకా ఎండేస్తాం అని. రుబ్బే మిషన్ గురించి విని "మన ఇడ్లీ పిండి గ్రైండర్ లాంటిదే కదా" అన్నారు, అంతేనండీ, రాయి తిరిగినట్టే అంది ఆ అమ్మాయి.

ఆయన్ని బాగా కట్టిపడేసింది చాక్లెట్‌ని చల్లార్చే పద్ధతి, టెంపరింగ్ అంటారు. డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీల పైకి కరిగించి, 27, 28కి దింపి, మళ్ళీ 31, 32కి తెచ్చి అచ్చులో పోయాలి. ఒకటి రెండు డిగ్రీలు తేడా వచ్చినా మెరుపు రాదు, విరిస్తే టక్‌మని విరగదు. నాన్న మా ఆయన వైపు తిరిగి "బెల్లం పాకం లాంటిది అల్లుడుగారూ, తీగ పాకానికి, ఉండ పాకానికి రెండు నిమిషాలే తేడా" అన్నారు. మా అమ్మ అరిసెలకి పాకం పట్టే మనిషి, ఆవిడకి అది మా అందరికంటే ముందు అర్థమైంది.

తర్వాత తినడం. నాన్నకి ఇచ్చిన ముక్క ఆయన వెంటనే నోట్లో పెట్టుకోలేదు, వాసన చూశారు, వెనక్కి తిప్పి చూశారు, చిన్నగా విరిచారు. నోట్లో పెట్టుకున్నాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకు భయమేసింది, నచ్చలేదేమో అని. ఆఖరికి "పులుపుంది, చూశావా, గుజ్జు పులుపు, అది పోలేదు" అన్నారు. నేను కూడా తిన్నా, నిజంగానే చివర్లో ఎక్కడో పండు పులుపు తగిలింది, ఆయన చెప్పకపోతే నాకు దొరికేది కాదు. అమ్మకి డార్క్ ఎక్కలేదు, పాల చాక్లెట్ తిని బాగుంది అంది. చిన్నోడు తన డబ్బా తీసి అందరికీ పంచాడు, ఆ అమ్మాయికి కూడా ఇవ్వబోయాడు.

బార్ రేపర్ మీద వెస్ట్ గోదావరి అని ఉంది. నాన్న కళ్ళజోడు పైకెత్తి, దగ్గరగా పెట్టుకుని చదివారు, మళ్ళీ పెద్దదాని చేత చదివించారు. "జిల్లా మార్చారు గానీ ఇక్కడ మాత్రం పాత పేరే ఉంది" అన్నారు, ఆయనకి అదే ఇష్టం. పాతికేళ్ళలో మా బస్తాల మీద కంపెనీ వాళ్ళు వేసే నంబరు తప్ప ఊరి పేరు ఎప్పుడూ లేదు. ఈ గింజ ఆయన తోటదే అని నేను అనను, అయి ఉండకపోవచ్చు, ఆయన వేరే వాళ్ళకి అమ్ముతారు. కానీ నేల అదే, ఏటిగట్టు గాలి అదే.

తాతా మనవరాలు అక్కడే కూర్చుని లెక్కేశారు, 60 గ్రాముల బార్‌లో 70 శాతం కోకో ఉంటే 42 గ్రాములు, పొట్టు అవీ పోయేది కలిపితే 55 గ్రాముల ఎండు గింజ, అంటే ఒక బార్‌కి ఒకటిన్నర కాయ. "అయితే ఉడత రోజుకో బార్ తింటుంది తాతయ్యా" అంది పెద్దది. ఆ మాటకి నాన్న నవ్విన నవ్వు నేను చాలా ఏళ్ళయింది విని.

ఇంటికొచ్చే దారిలో ఆయన ఒక ప్రశ్న అడిగారు, మరి బయట చవగ్గా దొరికేవి ఎందుకు కరగవు అని. వంట చేసే స్లాబులు, చవక బిళ్ళలు చాలావాటిలో కోకో వెన్న బదులు వేరే వనస్పతి లాంటి కొవ్వు వేస్తారు నాన్నా, లేబుల్ వెనక చూస్తే తెలిసిపోద్ది అన్నా. "గింజలో ఉన్న వెన్న తీసేసి వేరే నూనె పోస్తారా" అని చాలాసేపు బాధపడ్డారు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలిద్దరూ ఏ చాక్లెట్ కొన్నా వెనక తిప్పి చూస్తారు, తాతయ్యకి చెప్పాలంట. షుగర్ రెండు గంటల తర్వాత చూస్తే 160 ఉంది, ఆయనకి మామూలుగా ఉండేదే.

వచ్చేటప్పుడు నాన్న నాలుగు బార్లు కొన్నారు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఒకటి అమ్మకి అనుకున్నా. కాదు, తోటలో ఇరవై ఏళ్ళుగా కాయ కొట్టే వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళకి. నాలుగు రోజుల తర్వాత తిరిగి రాత్రి రైలే ఎక్కించాం, ఏసీ బోగీ కాబట్టి కరగవు, అయినా స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా చుట్టూ తువ్వాలు చుట్టి ఇచ్చా, ఐస్ ప్యాక్ పెట్టొద్దు, చెమ్మ పడితే పైన పంచదార తేలి గరుకుగా అవుద్ది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశారు. విరగలేదు, కరగలేదు, చెట్టు కింద కూర్చోబెట్టి పంచాను అన్నారు. ఏమన్నారు నాన్నా అంటే, "ఒకామె చేదుగా ఉంది, కాల్చిన తాటిబెల్లం వాసనొస్తంది అంది. ఇంకొకతను ఇది మన గింజేనా అని రెండుసార్లు అడిగాడు. మనదేరా అన్నాను" అన్నారు.